కొద్ది వాట్లతో గొప్ప ధ్వని

ఇంట్లో పాట బిగ్గరగా, నిండుగా వినబడాలంటే ఎక్కువ వాట్ల యంత్రం కొనాలన్న అభిప్రాయం లోకంలో బాగా పాతుకొని ఉన్నది. దుకాణంలో అమ్మేవాడు మొదట చెప్పేది వాట్ల సంఖ్యనే. కొనేవాడు మొదట అడిగేదీ దానినే. ఇరవై వాట్ల యంత్రం కంటె నలభై వాట్ల యంత్రం రెండింతలు బిగ్గరగా పాడుతుందని నమ్మి, అందుకు తగిన ధర చెల్లించి, ఇంటికి వచ్చి విన్న తరువాత తేడా ఏదని వెదకుకొనేవారు ఎందరో ఉన్నారు. వారిని దుకాణదారు మోసగించి ఉండకపోవచ్చు. చెవి లెక్కకూ వాట్ల లెక్కకూ పొత్తు లేకపోవడమే ఇందుకు కారణం.

వాట్టు అపురూపమైన రోజులలో ఈ సంగతి ధ్వనిశాస్త్రజ్ఞులకూ, ఇంట్లో సొంతంగా యంత్రాలు కట్టుకొనే ఔత్సాహికులకూ బాగా తెలిసే ఉండేది. చేతిలో ఉన్న ఒకటి రెండు వాట్లతోనే హాలంతా మారుమ్రోగించవలసిన అవసరం వారిది. వాట్టు చౌక అయిన తరువాత ఆ జ్ఞానం మరుగున పడింది. తక్కువ సొమ్ముతో ఎక్కువ ధ్వని రాబట్టదలచిన వారికి ఆ చరిత్ర నేటికీ దారి చూపుతుంది.

చెవి లెక్క

ధ్వని తీవ్రతను కొలిచే మానం డెసిబెల్. అమెరికాలోని బెల్ టెలిఫోన్ సంస్థ ఇంజనీర్లు 1920 తరువాతి సంవత్సరాలలో దీనిని వాడుకలోకి తెచ్చారు. టెలిఫోనును కనిపెట్టిన గ్రాహం బెల్ పేరే దీనికి మూలం. ఇందులో లెక్క కూడికలది కాదు, గుణకారాలది. శక్తి పది రెట్లయితే 10 డెసిబెల్‌లు పెరుగుతుంది. నూరు రెట్లయితే 20 పెరుగుతుంది. శక్తి రెట్టింపైతే పెరిగేది సుమారు 3 డెసిబెల్‌లు మాత్రమే.

మనిషి చెవి కూడ ఇంచుమించు ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. అమెరికను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎస్. ఎస్. స్టీవెన్స్ అనేకమంది శ్రోతలపై జరిపిన పరీక్షలలో, ధ్వని రెండింతలు బిగ్గరగా ఉన్నట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలని తేలింది. అనగా శక్తి పది రెట్లు కావాలి. ఇరవై వాట్ల యంత్రానికి రెండింతలు బిగ్గరగా వినబడవలసినది నలభై వాట్లది కాదు, రెండు వందల వాట్లది! నలభై వాట్ల వలన కలిగే 3 డెసిబెల్‌ల హెచ్చును శ్రద్ధగా విన్నవారు గుర్తించగలరు; పరధ్యానంగా విన్నవారు గుర్తించలేరు.

మరొక విశేషం. స్పీకరులోకి పంపిన విద్యుచ్ఛక్తిలో ధ్వనిగా మారేది ఎంత? ఇళ్ళలో వాడే సాధారణమైన స్పీకర్లలో నూటికి ఒక పాలు కూడ మారదు. మిగిలినదంతా తీగచుట్టలో వేడిగా పోతుంది. మామూలుగా సంభాషించే మనిషి గొంతు నుండి వెలువడే ధ్వనిశక్తి వాట్టులో లక్షవ వంతు మాత్రమే. నిజంగా ఒక వాట్టు ధ్వనిశక్తి గదిలోకి వెలువడితే చెవులు మూసుకోవలసిందే. కొరత విద్యుత్తులో లేదు. విద్యుత్తును ధ్వనిగా మార్చే నేర్పులో ఉన్నది.

బాకా యుగం

ఈ నేర్పు విద్యుత్తు రాకముందే ఉన్నది. దూరాన ఉన్నవారిని కేక వేసేటప్పుడు రెండు చేతులూ నోటికి ఇరువైపులా పెట్టుకోవడం ప్రతి పల్లెటూరివానికీ తెలుసు. కొమ్ము, నాదస్వరం వంటి వాద్యాల చివర వెడల్పుగా విచ్చుకొని ఉండడం కూడ ఇందుకే. 1877లో ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫులోగాని, తరువాత బెర్లినర్ నిర్మించిన గ్రామఫోనులోగాని విద్యుత్తుతో ధ్వనిని పెంచే భాగం ఏదీ లేదు. సూది కదలికకు ఒక చిన్న పలుచని పొర అదురుతుంది. ఆ అదురును బాకా గదినిండా వినిపిస్తుంది.

బాకా శక్తిని పుట్టించదు. పొర బరువైనది, గాలి తేలికైనది. పొర కదిలితే దాని ఎదుటి గాలి ప్రక్కలకు జారిపోతుంది; పని జరగదు. సన్నని పుల్లతో గాలిని విసరబోవడం వంటిదే ఇది. బాకా సన్నని గొంతులో గాలి ప్రక్కలకు జారడానికి వీలులేదు గనుక పొర దానిని గట్టిగా నెట్టగలుగుతుంది. ఆ ఒత్తిడి క్రమక్రమంగా వెడల్పయ్యే మార్గంలో బయటి గాలికి అందుతుంది. విద్యుత్తులో ట్రాన్స్‌ఫార్మరు చేసే పనిని గాలిలో బాకా చేస్తుందన్నమాట. ఈ విషయానికి గణితరూపం ఇచ్చినవాడు అమెరికను భౌతిక శాస్త్రజ్ఞుడు ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్. 1919లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ధ్వని అవరోధం అనే భావాన్ని ప్రవేశపెట్టాడు. 1924లో హాన్నా, స్లెపియన్ అనేవారు బాకా ఏ కొలతలలో విచ్చుకోవాలో వివరించారు.

మొదటి లౌడుస్పీకర్లు ఈ బాకాలతోనే పుట్టాయి. పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలోని నాపా పట్టణంలో, అయస్కాంతం నడుమ కదిలే తీగచుట్టకు బాకా తగిలించి, ఆ సాధనానికి లాటిను భాషలో ‘గొప్ప గొంతు’ అనే అర్థం వచ్చేటట్లు మాగ్నవాక్స్ అని పేరు పెట్టారు. 1915 క్రిస్మస్ ముందురోజు రాత్రి శాన్ ఫ్రాన్సిస్కో నగర భవనం ముందు దానిని ప్రదర్శించారు. 1919 సెప్టెంబరులో శాన్ డియాగోలో అధ్యక్షుడు విల్సన్ ప్రసంగం దాని ద్వారా సుమారు ఏభైవేల మందికి వినబడింది.

మాట్లాడే చిత్రాలు వచ్చినప్పుడు ఈ అవసరం మరింత పెరిగింది. బెల్ ప్రయోగశాలలలో వెంటె, థురాస్ అనే ఇంజనీర్లు 1926 ప్రాంతంలో తయారుచేసిన బాకా స్పీకరు తనకు అందిన విద్యుచ్ఛక్తిలో చాలా పెద్ద భాగాన్ని ధ్వనిగా మార్చగలిగేది. ఆనాటి వాల్వు ఆంప్లిఫయర్ల శక్తి నేటి లెక్కకు ఎంతో స్వల్పం. అయినా వందలాది ప్రేక్షకులున్న హాళ్ళు నిండుగా మ్రోగాయంటే ఆ ఘనత బాకాలదే. తెలుగులో తొలి పూర్తి మాటల చిత్రం ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఆ తరువాత ఊరూరా తిరిగిన డేరా సినిమాలకు ప్రేక్షకులను పిలిచినదీ, పెళ్ళిపందిళ్ళలో, తిరునాళ్ళలో ఊరంతటికీ పాట వినిపించినదీ జనం ‘మైకు’ అని పిలిచే ఆ లోహపు బాకాయే. తక్కువ శక్తితో ఎక్కువ దూరం వినిపించడంలో దానిని మించినది లేదు. ఐతే ఆ చిన్న బాకాలో మంద్రస్వరాలు పలకవు. మాట స్పష్టమే గాని మృదంగం నాదం కనబడదు.

కాగితపు కోను

ఇంటికి కావలసినది వేరు. ఇంటి గదికి మంద్రం నుండి తారం వరకు అన్ని స్వరాలూ సమంగా వినిపించే చిన్న సాధనం కావాలి. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ బాకా లేని స్పీకరును గురించి ఒక వ్యాసం ప్రచురించారు. నేటి ఇళ్ళలోని స్పీకర్లలో అత్యధిక భాగం ఆ నమూనా సంతతే. శంకువు ఆకారంలో ఒక కాగితపు కోను, దాని మొన దగ్గర అయస్కాంతపు సందులో కదిలే తీగచుట్ట, కోను చుట్టూ అడ్డుపలక: ఇంతే దాని నిర్మాణం. మరుసటి సంవత్సరం రేడియోలా 104 అనే పేరుతో బజారుకు వచ్చిన ఆ స్పీకరులో అమర్చిన ఆంప్లిఫయరు శక్తి సుమారు ఒక వాట్టు.

అడ్డుపలక ఎందుకు? కోను ముందుకు వచ్చినప్పుడు ఎదుటి గాలి దట్టమవుతుంది. వెనుకటి గాలి పలచనవుతుంది. మంద్రస్వరాలలో ఈ రెండూ కోను అంచు చుట్టూ తిరిగి కలుసుకొని ఒకదానినొకటి రద్దుచేసుకొంటాయి. పెట్టెలేని స్పీకరును చేతిలో పట్టుకొని వింటే అది కీచుమని పలకడానికి ఇదే కారణం. రంధ్రం చేసిన పెద్ద చెక్కపలకకు దానిని బిగించిన క్షణమే గొంతు మారిపోతుంది. పాఠశాల ప్రయోగశాలలో ఒక అట్టముక్కతోనే విద్యార్థులకు ఈ సంగతిని చూపవచ్చు. ఒక్క పైసా విద్యుత్తు అదనంగా ఖర్చు కాకుండానే ధ్వని పెరుగుతుంది.

కోను స్పీకరులో నాదం బాగుపడింది గాని దక్షత పడిపోయింది. బాకాలో నూటికి పదులలో ఉన్న దక్షత కోనులో ఒకటి రెండుకు, అంతకంటె తక్కువకు దిగజారింది. పోయిన దానిలో కొంత తిరిగి రాబట్టే ఉపాయం మళ్ళీ థురాస్‌కే తట్టింది. కోను వెనుక వృథాగా పోయే ధ్వనిని పెట్టెలో బంధించి, పెట్టె ముందు భాగంలో మరొక రంధ్రం ద్వారా, ముందుకు వెలువడే ధ్వనితో కలిసిపోయేటట్లు వదలడమే ఆ ఉపాయం. సీసా మూతిమీద ఊదితే లోపలి గాలి ఒకానొక స్వరంలో పలుకుతుంది గదా! అటువంటి అనునాదమే ఇక్కడా పనిచేస్తుంది. 1930లో ఆయన కోరిన పేటెంటు 1932లో మంజూరయింది.

ఇంట్లో కట్టుకొన్నవారు

రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసిన తరువాత ఇంగ్లండులోను, అమెరికాలోను సైన్యానికి మిగిలిపోయిన వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, కండెన్సర్లు కారుచౌకగా అమ్మకానికి వచ్చాయి. సైన్యంలో రేడియో, రాడారు పనులు నేర్చుకొని ఇంటికి తిరిగివచ్చిన యువకులు అనేకులు. చేతిలో నేర్పు ఉన్నది, సొమ్ము లేదు. ఇంట్లో సొంతంగా ధ్వని యంత్రాలు కట్టుకొనే ఉద్యమం ఆ పరిస్థితులలోనే బలపడింది. అమెరికాలోని హీత్ కంపెనీ అట్టి మిగులు భాగాలను పొందికగా పెట్టెలో సర్ది, బిగించే విధానం వ్రాసిన పుస్తకంతో సహా అమ్మసాగింది. 1947లో ఆ కంపెనీ 39 డాలర్ల 50 సెంట్లకు అమ్మిన ఆసిలోస్కోపుతో ఈ వ్యాపారం ఊపందుకొన్నది.

అదే 1947లో ఏప్రిల్, మే నెలలలో ఇంగ్లండులోని ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రిక డి. టి. ఎన్. విలియంసన్ అనే ఇంజనీరు వ్రాసిన రెండు వ్యాసాలు ప్రచురించింది. అందులో వివరించిన ఆంప్లిఫయరు శక్తి 15 వాట్లు. దాని గొప్ప శక్తిలో లేదు, శుద్ధతలో ఉన్నది. పంపిన ధ్వనిలో వెయ్యింట ఒక పాలు కూడ వికృతి కలగకుండా అది పెంచగలిగేది. ఇందుకు తోడ్పడిన పద్ధతి ఋణ పునర్నివేశం. అనగా బయటికి వచ్చిన విద్యుత్తులో కొంత భాగాన్ని తలక్రిందులుగా మొదటికి పంపి, యంత్రం తన తప్పును తానే దిద్దుకొనేటట్లు చేయడం. ఈ పద్ధతిని 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు పడవమీద ఉద్యోగానికి వెళ్తూ చేతిలోని వార్తాపత్రికపై గీసి పెట్టుకొన్నాడు. విలియంసన్ వ్యాసాలు చదివి అనేక దేశాలలో ఔత్సాహికులు ఆ యంత్రాన్ని సొంతంగా కట్టుకొన్నారు. ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే ఖరీదైనది. మిగిలినదంతా శ్రమతో సాధ్యమే.

ఆ 15 వాట్లు సరిపోయేవా? సరిపోయేవి. ఎందుకంటే ఆనాటి స్పీకరు పెట్టెలు పెద్దవి, కోనులు తేలికైనవి. ఇంగ్లండులో యార్క్‌షైరులో వార్ఫ్‌డేల్ సంస్థను 1932లో స్థాపించిన జి. ఎ. బ్రిగ్స్ 1948లో లౌడుస్పీకర్లను గురించి సామాన్యులకు అర్థమయ్యేటట్లు ఒక పుస్తకం వ్రాశాడు. పెట్టె గోడలు అదిరితే నాదం చెడుతుంది గనుక, ఆయన రెండు చెక్కపలకల నడుమ ఇసుక పోసి బిగించే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. గది మూలలో ఇటుకలతో పెట్టె కట్టుకొనే పద్ధతిని కూడ వివరించాడు. ఇసుక, ఇటుక: ఇంతకంటె చౌక అయిన సామాను ఏమున్నది? 1954 నవంబరు 1న లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో ఆయన, పీటర్ వాకర్ కలిసి, సజీవ సంగీతాన్నీ, రికార్డు చేసిన సంగీతాన్నీ పోల్చి చూపే ప్రదర్శన జరిపారు. సుమారు మూడువేల మంది పట్టే హాలు అది. వాకర్ ఆంప్లిఫయరు ఒక్కొక్కటి 15 వాట్లది మాత్రమే.

గది మూల

అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు ఇదే సమస్యను మరొక వైపు నుండి పట్టుకొన్నాడు. బాకా దక్షత ఇంటికి రావాలి, బాకా పరిమాణం రాకూడదు. 40 హెర్ట్‌జ్ పౌనఃపున్యం గల మంద్రస్వరానికి గాలిలో తరంగదైర్ఘ్యం సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. దానిని చక్కగా పలికించే బాకా నోటి చుట్టుకొలత కూడ ఇంచుమించు అంతే ఉండాలి. అంటే నోటి వ్యాసం దాదాపు 2.7 మీటర్లు! అట్టి బాకా ఇంట్లో పట్టదు.

గది మూలను చూడండి. రెండు గోడలు, ఒక నేల కలిసేచోట ధ్వని వ్యాపించడానికి ఉన్న దిక్కులు ఆరుబయటితో పోల్చితే ఎనిమిదవ వంతు. కనుక బాకా నోరు కూడ ఎనిమిదవ వంతు వైశాల్యం ఉంటే చాలు. ఇందుకు తోడు క్లిప్ష్ బాకాను పెట్టెలోపల మడతలు పెట్టి, చివరి భాగంగా గది గోడలనే వాడుకొన్నాడు. పెట్టె ముగిసిన తరువాత గదే బాకాగా కొనసాగుతుంది. ఈ విషయమై ఆయన పొందిన మొదటి పేటెంటు 1943 నాటిది. 1946లో ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న పట్టణంలో తన కర్మాగారం ప్రారంభించాడు. ఆ మూల స్పీకరు ఒక్క వాట్టుకు, ఒక మీటరు దూరంలో, సుమారు 105 డెసిబెల్‌ల ధ్వనిని ఇస్తుంది.

ఆ స్పీకరు ధర సామాన్యులకు అందేది కాదు; అందులోని భావం మాత్రం అందరికీ అందింది. ఏ స్పీకరునైనా ఆరుబయట నుండి నేల ప్రక్కకు, నేల నుండి గోడ దగ్గరకు, గోడ నుండి మూలకు జరిపితే, ప్రతి మెట్టులోను మంద్రస్వరాల బలం కనీసం 3 డెసిబెల్‌లు పెరుగుతుంది. ఆంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం, పెట్టెను రెండు అడుగులు జరపడంతోనే కలుగుతుందన్నమాట. ఐతే మూలలో కొన్ని స్వరాలు అవసరానికి మించి గుమ్మనవచ్చు. కొద్దికొద్దిగా జరుపుతూ విని, నచ్చినచోట నిలపాలి.

చిన్న పెట్టె, పెద్ద ఆంప్లిఫయరు

1954లోనే కథ మలుపు తిరిగింది. ఎడ్గార్ విల్చూర్ అనే ఉపాధ్యాయుడు పూర్తిగా మూసివేసిన చిన్న పెట్టెలో మెత్తని అంచుగల బరువైన కోను అమర్చి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకొన్నాడు. హెన్రీ క్లాస్‌తో కలిసి ఆయన అమెరికాలోని కేంబ్రిడ్జిలో స్థాపించిన సంస్థ ఈ స్పీకరును తయారుచేసింది. బీరువాలంత పెట్టెలకు మాత్రమే సాధ్యమైన మంద్రస్వరాలు పుస్తకాల అలమరలో పట్టే పెట్టెలో నుండి వినబడడం చూచి జనం ఆశ్చర్యపోయారు. 1958లో స్టీరియో రికార్డులు బజారుకు రావడంతో ఒక పెట్టెకు బదులు రెండు కావలసి వచ్చాయి. చిన్న పెట్టెలకు గిరాకీ పెరిగింది.

ఈ సౌకర్యానికి చెల్లించిన మూల్యం దక్షత. పాత పెట్టెలు ఐదు వాట్లతో ఇచ్చే ధ్వనికి ఈ చిన్న పెట్టెలు ఎన్నో రెట్లు అడిగాయి. వాల్వుల కాలంలో అది భారమే. కాని 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలలో పుట్టిన ట్రాన్సిస్టరు 1960 తరువాత ఆంప్లిఫయర్లలోకి ప్రవేశించింది. బరువైన ట్రాన్స్‌ఫార్మరుతో పని లేకుండానే పదులు, వందల వాట్లు వచ్చాయి. వాట్టు చౌక కావడంతో వాట్ల పందెం మొదలయింది. కంపెనీలు క్షణకాలం మాత్రమే వచ్చే శక్తిని చూపి పెద్ద పెద్ద సంఖ్యలు ప్రకటించసాగాయి. చివరికి అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘం కలుగజేసుకొని, నిలకడగా ఇవ్వగల శక్తినే ప్రకటించాలని 1974లో నియమం విధించింది. మన దేశంలోనూ కాసెట్ల రోజులలో చిన్న ప్లాస్టిక్ పెట్టెలమీద ‘పి. ఎం. పి. ఓ.’ అనే గుర్తుతో వెయ్యి వాట్లని ముద్రించి అమ్మారు. విద్యార్థులు ఇట్టి ప్రకటనలను సులభంగా పరీక్షించవచ్చు. 12 వోల్టులు, 1 ఆంపియరు ఇచ్చే అడాప్టరుతో నడిచే యంత్రంలోకి ప్రవేశించేది 12 వాట్లు. ప్రవేశించిన దానికంటె ఎక్కువ నిలకడగా బయటికి రావడం శక్తినిత్యత్వ నియమానికే విరుద్ధం.

మూడింటిలో రెండు

పెద్ద పెట్టెల యుగానికీ, చిన్న పెట్టెల యుగానికీ నడుమ ఉన్న తగవును ఒక సూత్రం తీర్చింది. క్లాస్‌తో కలిసి 1957లో మరొక స్పీకర్ల సంస్థను స్థాపించిన ఆంటన్ హాఫ్‌మన్ పేరుతో ఇది ప్రసిద్ధమైంది. పెట్టె చిన్నదిగా ఉండడం, మంద్రస్వరాలు లోతుగా పలకడం, తక్కువ శక్తితో బిగ్గరగా మ్రోగడం: ఈ మూడూ ఒకేచోట కుదరవు. ఏ రెండింటిని కోరినా మూడవదాన్ని వదులుకోవాలి.

ఆస్ట్రేలియాలో నెవిల్ థీలే 1961లోను, సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధించిన రిచర్డ్ స్మాల్ 1972, 73లలోను ప్రచురించిన వ్యాసాలు దీనిని అంకెలలో చూపాయి. దక్షత పెట్టె ఘనపరిమాణాన్ని బట్టి, కనిష్ఠ పౌనఃపున్యపు ఘనాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు 30 లీటర్ల పెట్టె 80 హెర్ట్‌జ్ వరకు చక్కగా పలుకుతున్నదనుకొందాం. దానిని 40 హెర్ట్‌జ్ వరకు దించాలంటే రెండు ఘనం, అనగా ఎనిమిది రెట్లు నష్టపోవాలి. అదే దక్షత ఉండాలంటే 240 లీటర్ల పెట్టె కావాలి; అదే పెట్టెతో సరిపెట్టుకొంటే 10 వాట్లకు బదులు 80 వాట్లు కావాలి. అంతకుముందు అనుభవంతో, ఊహతో చేసిన పెట్టె కొలతలను ఆ వ్యాసాల తరువాత లెక్కకట్టడం సాధ్యమైంది. స్పీకరుతోపాటు తయారీదారులు ఇచ్చే కొలతలలో థీలే, స్మాల్ అంకెలు ఉంటే ఉన్నత పాఠశాల గణితం తెలిసినవారు కూడ పెట్టె పరిమాణాన్ని కట్టుకోవచ్చు.

బీదవాని ఇంజనీరింగు

మన ఊళ్ళలో ఈ సూత్రాలు పేర్లు లేకుండానే ఆచరణలో ఉన్నాయి. మట్టికుండ మూతిమీద స్పీకరును వెల్లకిల పెట్టి పాటలు వినడం చాలా పల్లెలలో కనబడేదే. కుండ కోను వెనుక వెలువడే ధ్వనిని బంధిస్తుంది. ముందు ధ్వని రద్దుకాకుండా కాపాడుతుంది. గుండ్రని మట్టి గోడ బిగువుగా ఉంటుంది గనుక చెక్కపలకవలె అదరదు. కుండలోని గాలి ఒక స్వరానికే ఎక్కువగా స్పందించి గుమ్మనడం దీనిలోని లోపం. కొద్దిగా పాత గుడ్డలో, దూదో లోపల వేస్తే అది చాలావరకు తగ్గుతుంది. బ్రిగ్స్ ఇటుకలతో సాధించిన దానినే మన పల్లెవాడు కుమ్మరి కుండతో సాధించాడు.

మద్రాసులోని రిచీ వీధి, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి బజారులలో విడి భాగాలు కొని, ఆంప్లిఫయరు బోర్డులు కట్టి జీవించిన మెకానిక్కులు అనేకులు. 2ఎన్ 3055 అనే ట్రాన్సిస్టరు వారందరికీ చిరపరిచితం. తరువాత ఆంప్లిఫయరంతా ఒకే చిప్పులో ఇమిడిపోయింది. నేటి ‘క్లాస్ డి’ చిప్పులు తీసుకొన్న విద్యుత్తులో నూటికి ఎనభైకి పైగా స్పీకరుకు అందించగలవు. వేడి తక్కువ, ధర తక్కువ. ఆంప్లిఫయరు సమస్య ఇంతటితో ఇంచుమించు తీరింది. తీరనిది స్పీకరు దక్షతే.

ఒక ఉదాహరణ చాలు. ఒక స్పీకరు వాట్టుకు 85 డెసిబెల్‌లు, మరొకటి 95 డెసిబెల్‌లు ఇస్తాయనుకొందాం. మొదటిదానితో ఒక మీటరు దూరంలో 105 డెసిబెల్‌లు రావాలంటే 100 వాట్లు కావాలి. రెండవదానికి 10 వాట్లు చాలు. రెండవదాన్ని ఎంచుకొన్నవాడు పెద్ద ఆంప్లిఫయరుకు, దానికి తగిన పవర్ సప్లైకి, వేడిని పోగొట్టే లోహపు రేకులకు పెట్టవలసిన సొమ్మంతా మిగుల్చుకొంటాడు. అతడు ఇవ్వవలసినది కొంత పెద్ద పెట్టెకు చోటు. కనుక తక్కువ సొమ్ముతో కట్టేవారు మొదట చూడవలసిన సంఖ్య స్పీకరు వాట్టుకు ఇచ్చే డెసిబెల్‌లు. తరువాత పెట్టె పరిమాణం, దాని బిగువు. ఆ తరువాత గదిలో దానిని ఉంచే చోటు. ఆంప్లిఫయరు వాట్లు చివరిగా చూడవలసినవి.

ఎంత బిగ్గరగా?

దక్షత పెరిగిన కొద్దీ ఒక బాధ్యత కూడ పెరుగుతుంది. ఒక్క వాట్టుతో 100 డెసిబెల్‌లు ఇచ్చే స్పీకరు చేతికి వచ్చినప్పుడు, ఆ ఒక్క వాట్టే చెవికి ప్రమాదం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1998లో చేసిన సిఫారసు ప్రకారం 85 డెసిబెల్‌ల ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినరాదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ వ్యవధి సగమవుతుంది. 88కి నాలుగు గంటలు. 100 డెసిబెల్‌లకు పదిహేను నిమిషాలు. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సన్నని రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి మొలవవు. ఎటువంటి ఆంప్లిఫయరూ ఆ లోటును పూర్తిగా తీర్చలేదు.

ఇరుగుపొరుగు వారి హక్కు కూడ ఉన్నది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు పరిమితిగా నిర్ణయించాయి. రాత్రి పది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు బహిరంగ స్థలాలలో లౌడుస్పీకర్ల వాడకాన్ని నిషేధించాయి.

బిగ్గరగా మ్రోగగల యంత్రం ఎల్లప్పుడూ బిగ్గరగా మ్రోగవలసిన పని లేదు. దక్షత గల స్పీకరు ఉన్న ఇంట్లో మామూలు సంభాషణ స్థాయిలో వినే సంగీతానికి ఆంప్లిఫయరులోని వాట్టులో వందవ వంతు కూడ ఖర్చు కాదు. యంత్రం శ్రమపడదు గనుక వికృతి ఉండదు. మృదంగంపై చేయి హఠాత్తుగా పడినప్పుడు ఆ దెబ్బకు కావలసిన శక్తి అంతా నిలవ ఉంటుంది. జెన్సెన్ బాకా నుండి క్లిప్ష్ గది మూల వరకు, బ్రిగ్స్ ఇటుకల పెట్టె నుండి మన మట్టికుండ వరకు వారందరూ సాధించదలచినది ఆ నిలవనే. భౌతికశాస్త్రం కొద్దిగా తెలిసి, పెట్టె చేసుకొనే ఓపిక ఉన్న విద్యార్థికి అది ఈనాడు చాలా తక్కువ ఖర్చుతో అందుబాటులో ఉన్నది.